తేలు కుట్టింది, నొప్పి తగ్గింది, పాపను హాస్పిటల్‌కు తీసుకెళ్లాలా?

తీసుకెళ్లాలండి, అదీ ఇప్పుడే. నాలుగేళ్ల పాపకు తేలు కుట్టి గంటైందని, ఏడుపు ఆపేసిందని, ఒకసారి వాంతి మాత్రం చేసుకుందని రాశారు. బయలుదేరడానికి ఆ వాంతి ఒక్కటి చాలు.

మా బాబుకు షూలో కాలు పెడుతుంటే కుట్టింది. వాడూ కాసేపటికి ఏడుపు ఆపి మగతగా పడుకున్నాడు. తల నిమిరితే జుట్టంతా నీళ్లు పోసినట్టు చెమట, అరికాళ్లు చల్లగా, నోట్లోంచి చొంగ. హాస్పిటల్లో డాక్టర్ కుట్టిన చోటు కన్నా చేతులూ కాళ్లే ఎక్కువసేపు పట్టుకుని చూశారు. కొన్ని తేళ్ల విషం నరాలను రెచ్చగొట్టి అడ్రినలిన్‌ను ఒక్కసారిగా రక్తంలోకి వదిలిస్తుందట. రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె అలిసిపోతుంది, ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. విషం బాగా ఎక్కిన పిల్లల్లో ఒక్కోసారి నొప్పి పెద్దగా ఉండదు కూడా. మగపిల్లల్లో అంగం గట్టిపడి అలాగే ఉండిపోవడం ఇంకో గుర్తు, మొహమాటపడకుండా చెప్పాలి.

మా వాడికి ప్రాజోసిన్ వేశారు. అది బీపీ మందు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ఎర్రతేలు కుట్టినవాళ్లకు వాడి ఎంతోమందిని బతికించారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, నన్నడిగితే అదీ తక్కువే. ఆ మందు వేశాక బీపీ పడిపోవచ్చు కాబట్టి పిల్లల్ని పడుకోబెట్టే ఉంచాలి. నేను ఎత్తుకోబోతే నర్సు ఆపేసి, "ఎత్తొద్దమ్మా, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోండి" అన్నారు. దయచేసి ఇది ఇంట్లో వేయకండి, మోతాదు బరువును బట్టి ఉంటుంది. తేలు విషానికి విరుగుడు ఇంజెక్షన్ దొరికితే దాన్నీ కలిపి ఇస్తారు. పాము విరుగుడు దీనికి పనిచేయదు.

దారిలో చేయాల్సింది కొంచెమే. కుట్టిన చోటు సబ్బుతో కడిగి, గుడ్డలో ఐసు చుట్టి పెట్టండి. గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. వాంతులవుతుంటే బలవంతంగా ఏమీ తాగించకండి. తేలును వెతుకుతూ కూర్చోకండి.

అక్కడికి వెళ్లేసరికి పాప ఆడుకుంటున్నా సరే, వెంటనే ఇంటికి తెచ్చేయకండి. 24 గంటలు గమనిస్తారేమో అడగండి. కుట్టిన టైమ్, వాంతైన టైమ్ ఫోన్లో రాసి పెట్టుకోండి. మమ్మల్ని డాక్టర్ మొదట అడిగింది అదే.