కిడ్నీ వార్డులో నర్సుగా చేరుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఒంగోలులో నీకు కిడ్నీ రోగుల వార్డులో డ్యూటీ వేశారని మీ అమ్మ చెప్పింది. ఆ వార్డులో సూది మందు వేయడం కన్నా కొలిచి రాయడమే పెద్ద పని. రోగి తాగినది, సెలైనుగా ఎక్కినది ఒక పక్క, మూత్రం, వాంతి, విరేచనం మరో పక్క వేళ ప్రకారం చార్టులో పడాలి. మూత్రం బాగానే వచ్చిందని పక్కనున్నవారు చెప్పిన మాటను నమ్మి అంకె వేయకుండా, గీతలున్న జగ్గులో పోయించి, దాన్ని చదునైన చోట పెట్టి, కంటి ఎత్తులో చూసి రాయి. రోజుకు 400 మిల్లీలీటర్ల లోపు పడిపోయేటట్టు కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి. రోజూ ఉదయం టిఫినుకు ముందు, అదే తూకం మీద, అదే తీరు బట్టలతో బరువు చూడు. ఒక్క రోజులో కిలో పెరిగిందంటే ఒంట్లో దాదాపు లీటరు నీరు నిలిచిందని అర్థం. వెల్లకిలా పడుకోలేక లేచి కూర్చుంటున్న రోగికి తలవైపు మంచం ఎత్తిపెట్టి, ఆక్సిజన్ శాతం చూసి, వెంటనే డాక్టరును పిలువు.

చాలామందికి ముందురోజు వచ్చిన మూత్రానికి సుమారు 500 మిల్లీలీటర్లు కలిపి ఆ రోజుకు ద్రవాల హద్దు పెడతారు. మజ్జిగ, చారు, టీ కూడా ఆ లెక్కలోవే. మన ఎండలకు రోహిణి కార్తెలో ఈ హద్దు పాటించడం రోగికి నిజంగా నరకమే, కాబట్టి కసురుకోకు. చెంబు తీసేసి చిన్న గ్లాసు పెట్టు, నీళ్లు పుక్కిలించి ఉమ్మమను, ఎప్పుడైనా చిన్న మంచుముక్క చప్పరించనివ్వు, దాన్నీ లెక్కలో రాయి.

కాథెటర్, అంటే మూత్రం బయటికి తీసే గొట్టం, ఉన్నవారికి యూరిన్ బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే వేలాడాలి, నేలను తాకకూడదు. స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు బ్యాగును రోగి పొట్ట మీద పెట్టే అలవాటు మన దగ్గర చాలా చోట్ల ఉంది. ఆ మూత్రం వెనక్కి పారితే ఇన్‌ఫెక్షను వస్తుంది.

డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపి చేసేదాన్ని ఫిస్టులా అంటారు. అది ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, రక్తం తీయకూడదు, సెలైను సూది పెట్టకూడదు. ప్రతి డ్యూటీలోనూ దాని మీద వేళ్లు ఆనించి చూడు. సన్నగా జివ్వుమనే అదురు తగలాలి. అది ఆగిపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు కబురు పంపాలి.

చూడవచ్చే బంధువులు ప్రేమగా కొబ్బరి బొండాలు, అరటిపళ్లు తెస్తారు. వాటిలో పొటాషియం ఎక్కువ. ఒంట్లో అది పెరిగిన రోగికి అవి గుండె మీదికే తెస్తాయి గనుక, నొప్పించకుండానే తిప్పి పంపు. ఉప్పు ఎక్కువుండే ఊరగాయలు, ఎండుచేపల సంగతి నీకు తెలిసిందే. అయితే తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేవాటిలో చాలావాటిలో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారని ఇంట్లోవాళ్లకు తప్పక చెప్పు.

కనిగిరి, పామూరు వైపు నుంచి వచ్చేవారిని ఇంకొకటి అడుగు. అక్కడి నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ కావడంతో మోకాళ్లు, నడుము పట్టేసి, ఏళ్ల తరబడి నొప్పి బిళ్లలు మింగుతూ ఉంటారు. దెబ్బతిన్న కిడ్నీలకు ఆ బిళ్లలు మరింత చేటు. “మందులేమైనా వాడుతున్నారా” అంటే లేదంటారు, ఎందుకంటే ఊళ్లో కొట్టులో కొన్నవి వాళ్ల లెక్కలో మందులు కావు. అందుకే “నొప్పులకు ఏం వేసుకుంటావు పెద్దాయనా” అని విడిగా అడిగి, సంచిలోని అట్టలు బయటికి తీయించి, పేర్లన్నీ కేసు షీటులో రాసి, రౌండ్సుకు వచ్చిన డాక్టరుకు చూపించు.

ఇట్లు,
నీ పెద్దమ్మ