హైదరాబాదులో పీహెచ్‌డీ విద్యార్థుల జీవితం ఎలా ఉంటుంది? అన్నేళ్ళు చదివి వారు సాధించేది ఏమిటి?

మీ చెల్లెలు తెలుగు ఎంఏ పూర్తిచేసి హైదరాబాదులో పీహెచ్‌డీలో చేరాలనుకుంటోందనీ, ఐదారేళ్ళు అక్కడ గడిపితే చేతికి వచ్చేదేమిటని ఇంట్లో పెద్దవారు అడుగుతున్నారనీ రాశారు. నేను ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఒగ్గుకథ (డోలు వాయిస్తూ మల్లన్న వంటి దేవుళ్ళ కథలు పాడి చెప్పే తెలంగాణ జానపద కళ) మీద పరిశోధన చేసి, ప్రస్తుతం ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. అందువల్ల నేను దగ్గరగా చూసిన సాహిత్య పరిశోధకుల గురించే చెబుతాను. సైన్సు వారి దినచర్య ప్రయోగశాలతో ముడిపడినది, దాని లెక్క వేరు.

ముందుగా డబ్బు సంగతి చెప్పాలి, ఎందుకంటే తక్కిన జీవితమంతా దానిని బట్టే నడుస్తుంది. యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే పరిశోధనకు ఇచ్చే నెలవారీ భృతి) సాధించినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తరువాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)గా 42,000 రూపాయలు, మొత్తం ఐదేళ్ళ పాటు అందుతాయి. హాస్టల్‌లో ఉండనివారికి ఇంటి అద్దె భత్యం అదనం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) వంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో జేఆర్ఎఫ్ లేనివారికి ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000 మాత్రమే. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఏ ఫెలోషిప్పూ లేకుండా చేరినవారు ఏదో ఒక ప్రైవేటు కళాశాలలోనో కోచింగ్ సెంటర్‌లోనో పాఠాలు చెప్పుకుంటూ, రాత్రిపూట థీసిస్ రాసుకుంటారు. జేఆర్ఎఫ్ ఉన్నవారికి కూడా డబ్బు నెలనెలా ఒకే తేదీకి జమ అవుతుందని అనుకోకూడదు. మా హాస్టల్‌లో ఎవరికి ముందు పడితే వారు తక్కినవారి మెస్ బిల్లు కట్టేవారు, తరువాత నెలల్లో ఆ వంతు మరొకరికి వచ్చేది.

మొదట్లో ఉండే కోర్స్‌వర్క్ (తరగతులు, పరీక్షలు) ముగిశాక పాఠాలు, పరీక్షలు అంటూ ఏమీ ఉండవు కాబట్టి ఎవరి రోజును వారే నిర్మించుకోవాలి. అఫ్జల్‌గంజ్‌లో 1891లో ఆసఫియాగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, సుల్తాన్ బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, ఆదివారాల్లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాలు తెలుగు పరిశోధకునికి ఈ నగరం ఇచ్చే గొప్ప వసతులని నా అభిప్రాయం. యూనివర్సిటీ రీడింగ్ రూమ్‌లో మాత్రం పరిశోధకులలో చాలామంది గ్రూప్స్‌కో జూనియర్ లెక్చరర్ పోస్టుకో చదువుతూ కనిపిస్తారు. ఇంటి నుంచి ఆశించడానికి ఏమీ లేనివారు రెండు పడవల మీద కాళ్ళు పెట్టక తప్పదు, దానిని నేను తప్పు పట్టలేను.

ఇక అసలు పరిశోధన గురించి. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగుతుంది, ఆ కాలమంతా నేను ఒగ్గు బృందాల వెంట తిరిగేవాడిని. పట్నం (దేవుడి ముందు రంగుల పొడులతో వేసే పెద్ద ముగ్గు) వేసే చోట కూర్చుని రాత్రంతా కథను రికార్డు చేసుకుని, తెల్లవారాక బస్సులో హాస్టల్‌కు వచ్చి, దానిని కాగితం మీదికి ఎక్కించడం మొదలుపెడితే ఒక్క రాత్రి కథకు వారాలు పట్టేది. డోలు చప్పుడులో కలిసిపోయిన మాటలు కొన్ని, నిఘంటువుల్లో దొరకని మాటలు మరికొన్ని. గొర్రెల రంగులకు, ఈడుకు, జబ్బులకు సంబంధించిన పదాలను నాకు విప్పి చెప్పింది మా పక్కగదిలో రాజనీతిశాస్త్రం చదువుతున్న మిత్రుడు. గొర్రెలు పెంచే కురుమల ఇంట పుట్టినవాడు, తన కుటుంబంలో డిగ్రీ దాటిన మొదటివాడు. తాతల దగ్గర విన్న ఆ మాటలకు ఒక థీసిస్‌లో చోటు ఉంటుందని తాను ఎన్నడూ అనుకోలేదని అతడు అన్నాడు. నా దృష్టిలో ఈ విద్యార్థులు సాధిస్తున్న వాటిలో అన్నింటికంటే పెద్దది ఇదే: తమ ఇళ్ళలో, ఊళ్ళలో నోటి మాటగా ఉన్న విజ్ఞానాన్ని తామే విశ్వవిద్యాలయంలోకి తీసుకువస్తున్నారు.

ఈ దారి కొత్తది కాదు. బిరుదురాజు రామరాజు గారు 1950లలో ఉస్మానియాలోనే తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసి, ఆ తరువాతి జానపద పరిశోధనకు బాట వేశారు. ఆధునిక తెలుగు కవిత్వం మీద అక్కడే పీహెచ్‌డీ చేసిన సి. నారాయణరెడ్డి గారికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం లభించింది. అందరికీ అంతటి పేరు రాదు. నాతో చదివినవారిలో కొందరు గురుకులాల్లో, కొందరు జూనియర్ కళాశాలల్లో పనిచేస్తున్నారు, కొందరు ఇప్పటికీ కాంట్రాక్టు మీదే ఉన్నారు. విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ పోస్టు దక్కినవారు చాలా తక్కువ. ఈ సంగతి మీ చెల్లెలికి ముందుగానే తెలియాలి.

ఆమె చేయవలసినవి కొన్ని ఉన్నాయి. నెట్ ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు విడతలుగా జరుగుతుంది. జేఆర్ఎఫ్‌కు 30 ఏళ్ళ వయోపరిమితి ఉన్నా మహిళలకు ఐదేళ్ళ సడలింపు ఉంది కాబట్టి ఒకసారి రాకపోయినా నిరాశపడవలసిన పని లేదు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్ళ గడువు ఉంటుంది, మహిళలకు మరో రెండేళ్ళు పొడిగించవచ్చు, ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల వరకు సెలవు కూడా ఉంది. పెళ్ళి ప్రస్తావన వస్తే ఇంట్లోవారికి ఈ మాట చెప్పండి. గైడ్ విషయంలో మాత్రం తొందరపడవద్దు. ఆ అధ్యాపకుల దగ్గర పూర్తయిన థీసిస్‌లు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి, రెండు మూడు చదవమనండి. ఆపైన వారి వద్ద ప్రస్తుతం పనిచేస్తున్న స్కాలర్లను, వీలైతే అమ్మాయిలనే, విడిగా కలిసి, రాసి ఇచ్చిన అధ్యాయాన్ని సారు లేదా మేడమ్ ఎన్నాళ్ళకు చదివి తిరిగి ఇస్తారో అడగమనండి.