సీ అర్చిన్ (ఒళ్ళంతా ముళ్ళుండే సముద్ర జీవి) శిలాజాలు చూసి పరిణామం ఎలా తెలుస్తుంది? వైజాగ్‌లో దొరుకుతాయా?

రెండో ప్రశ్న ముందు: దొరకవు. కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్ అంతా ఖొండలైట్, అంటే భూమి లోపల వేడికీ ఒత్తిడికీ రూపం మారిపోయిన రాయి, అసలు పెంకున్న జీవులు పుట్టకముందుది. టెన్నేటి పార్కు కింద రాళ్ళ సందుల్లో నల్లటి ముళ్ళతో కనిపించేవి బతికున్నవే. శిలాజాలు కావాలంటే తమిళనాడులోని అరియలూరు వైపు చూడాలి.

ఇక అసలు విషయం. సీ అర్చిన్ల పెంకు కాల్షియం కార్బనేట్ పలకలతో గట్టిగా ఉంటుంది, పైగా కొన్ని రకాలు సముద్రం అడుగున బురదలో పూడుకునే బతుకుతాయి కాబట్టి చచ్చాక కూడా పెద్దగా చెదరవు. అందుకే మార్పులు పొరపొరగా గమనించొచ్చు, ఇంగ్లండ్ సుద్ద కొండల్లో దొరికే మైక్రాస్టర్ అనే సీ అర్చిన్ రకం దీనికి క్లాసిక్ ఉదాహరణ. ఆర్థర్ రోవ్ అనే డాక్టరు వీటిని ఏ పొరవి ఆ పొరకి విడిగా సేకరించి 1899లో ఆ వివరాలు ప్రచురించాడు: పాతదైన కింది పొర నుంచి కొత్తదైన పై పొరకి వచ్చేకొద్దీ పెంకు వెడల్పైంది, నోరు ముందు అంచు వైపు జరిగింది, పెదవిలాంటి పలక ఒకటి పెరిగి ఆ నోటిని దాదాపు కప్పేసింది, పైభాగంలో పూరేకుల్లా ఉండే గాడులు లోతయ్యాయి. బురదలో ఇంకా లోతుగా బతకడానికి ఇవి పనికొచ్చాయని తర్వాతివాళ్ళ వివరణ. అయితే పాత పుస్తకాల్లో చూపించినట్టు ఒకటే తిన్నని గీత కాదు, మధ్యలో కొమ్మలు కూడా చీలాయి, నాకైతే అదే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది.