కుళ్లాయి అని పిలవొద్దంటున్నాడు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఓ పల్లె. పెళ్లయిన ఏడేళ్లకు, గూగూడు పీర్ల చావిడిలోని కుళ్లాయిస్వామికి మొక్కుకుంటే పుట్టాడు మావాడు. రికార్డుల్లో పేరు వేరే ఉన్నా ఇంట్లో అందరికీ కుళ్లాయే. ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్లుగా ఫోన్లో ఏవేవో వీడియోలు చూసి, ‘పీర్లు మన దేవుళ్లు కాదు, చక్కెర చదివించొద్దు, నన్ను ఆ పేరుతో పిలవొద్దు’ అంటున్నాడు. వాడి ఫోన్ వస్తే చాలు, నాకు టెన్షన్. ఇంత చదివినవాడికి ఈ పాతకాలపు మూఢత్వం ఎలా పట్టుకుంది సార్?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘పాతకాలపు’ అన్న మాట ఒక్కటి నేను ఒప్పుకోను. పాతకాలం ఉన్నది మీ దగ్గర. కుళ్లాయిస్వామి ఏ మతం దేవుడని మీ అత్తగారిని అడిగి ఉంటే, ఆమెకు ఆ ప్రశ్నే అర్థమయ్యేది కాదు. మీవాడికి పట్టుకున్నది కొత్త జబ్బు.

నేను ముప్పై ఏళ్లు మీ చుట్టుపక్కల హైస్కూళ్లలోనే జీవశాస్త్రం చెప్పాను. హాజరుపట్టీ తెరిస్తే కుళ్లాయప్ప, మస్తానమ్మ, ఉసేనప్ప, ఫకీరప్ప. పేరు చూసి మతం చెప్పడం నా వల్ల అయ్యేది కాదు. ఒక ఏడు, పదో తరగతి నామినల్ రోల్స్ పంపే ముందు ఒక తండ్రి వచ్చాడు. ‘మావాడి పేరు మార్చండి సార్, ఉసేనప్ప అంటే టౌన్లో ఒకలా చూస్తున్నారంట’ అన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. ఆ పిల్లాడి తాత పేరు కూడా ఉసేనప్పే.

అదే ఏడు మా లెక్కల మాస్టారి కొడుకు గల్ఫ్ నుంచి వచ్చి, పీర్లు ఎత్తడం ఇస్లాంలో లేదని తండ్రిని మానిపించాడు. ఆ మాస్టారు పాతికేళ్లు పీరు ఎత్తుకుని గుండం తొక్కిన మనిషి. పీర్ల పండగ చివరి రోజు, జలధి నాటి సాయంత్రం నేను వెళ్లేసరికి, ఇంటి అరుగు మీద ఒక్కడే కూర్చుని డప్పులు వింటున్నాడు. నన్ను చూసి కూడా మాట్లాడలేదు. ఆ తండ్రికి టౌన్లో చెప్పినవాళ్లది ఒక మతం, ఈ గల్ఫ్ కొడుక్కి చెప్పినవాళ్లది ఇంకో మతం. ఇద్దరికీ చెప్పింది మాత్రం ఒక్కటే: ‘ఇది మనది కాదు.’

ఈ మత ఛాందసాన్ని ఇంగ్లీషువాళ్లు ఫండమెంటలిజం అంటారే, ఆ మాటకు వయసు నూరేళ్ల పైచిలుకు, అంతే. 1910 నుంచి 1915 వరకు అమెరికాలో, క్రైస్తవానికి మూలసూత్రాలు ఇవే అంటూ ‘ది ఫండమెంటల్స్’ అని 12 సంపుటాలు వేశారు. డబ్బు పెట్టింది కాలిఫోర్నియా చమురు వ్యాపారి లైమన్ స్టీవర్ట్, ఆయన అన్న. దాదాపు 30 లక్షల ప్రతులు ఉచితంగా పంచారు. అచ్చుయంత్రం, పోస్టాఫీసు, చమురు డబ్బు: ఇందులో పాతకాలం ఏముంది? 1925లో టెనెసీలోని డేటన్‌లో, మనిషి పరిణామం గురించి పాఠం చెప్పాడని జాన్ స్కోప్స్ అనే 24 ఏళ్ల మాస్టారికి వంద డాలర్ల జరిమానా వేశారు. ఆ విచారణను రేడియోలో ప్రత్యక్షంగా వినిపించారు. ఆ పాఠం చెప్పకూడదన్న చట్టం 1967 దాకా ఉంది. తర్వాత 1978లో పారిస్ దగ్గరి పల్లెలో కూర్చున్న ఇరాన్ మతనాయకుడు ఖొమేనీ ప్రసంగాలు క్యాసెట్లలో ఆ దేశమంతా తిరిగాయి. ఇప్పుడు మీవాడి చేతిలో ఫోన్.

డేటన్‌లో మాస్టారికి వ్యతిరేకంగా వాదించిన విలియం జెన్నింగ్స్ బ్రయన్ మూర్ఖుడేం కాదు. మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేశాడు, ఆడవాళ్లకు ఓటు కావాలన్నాడు. బలవంతుడిదే రాజ్యమని డార్విన్ పేరు చెప్పి అంటారేమోనని ఆయన భయం. స్కోప్స్ చెప్పిన ఆ పాఠ్యపుస్తకంలోనే తెల్లజాతి అన్నిటికన్నా గొప్పదని రాసి ఉంది. జీవశాస్త్రం మాస్టారిగా నాకు తలవంపుగా అనిపించే సంగతి ఇది. ఆయన భయంలో న్యాయం ఉంది, పాఠాన్నే నిషేధించడంలో లేదు. మీవాడిలో కూడా ఏదో భయం ఉంటుంది. ముందు అది కనుక్కోండి.

నాకు తోచింది చెప్తాను. మీ భక్తి ఊళ్లో ఉంది. పీర్ల చావిడి, దాని ముందు గుండం, చక్కెర చదివించే ముజావర్, పక్కన నిలబడ్డ ఇరుగుపొరుగు, అన్నీ ఉంటేనే అది భక్తి. బెంగళూరు ఫ్లాటుకు అదేదీ మోసుకుపోలేడు. వీడియో అయితే జేబులో పడుతుంది. పైగా మనమే వాడికి పదిహేనేళ్లు ప్రతి ప్రశ్నకూ ఒక్కటే సరైన జవాబని నేర్పి, మార్కులు వేశాం. ఆ అలవాటుతోనే దేవుణ్ణీ చదువుతున్నాడు. అందుకే చదువు వాణ్ణి కాపాడలేదు.

వాడితో ఫోన్లో వాదించకండి. ఒక వీడియోకు మీరు జవాబు చెప్పేలోపు పది వస్తాయి. ఈసారి పీర్ల పండక్కి ఊరికి రమ్మనండి. పిల్లల్లేని ఆ ఏడేళ్లు ఎవరు మిమ్మల్ని ఏమన్నారో, గూగూడుకు ఎవరు తోడొచ్చారో, వీడు కడుపున పడ్డాడని తెలిసినప్పుడు మొదట ఎవరి ఇంటికి పరుగెత్తారో చెప్పండి. పీర్ల గురించి ఒక్క మాటా అనక్కర్లేదు.

పేరంటారా, వద్దన్నాడు కాబట్టి ఫోన్లో పిలవకండి. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నప్పుడు మీ నోట అదే వచ్చేస్తే మాత్రం, పలికాడో లేదో నాకు మళ్లీ ఉత్తరం రాయండి.