పాత ఆవిరి ఇంజన్లను నడిచే స్థితిలో ఉంచడం ఎందుకంత కష్టం?

రంగు వేసి, బొగ్గు పోస్తే నడవదా అని మీరు అడగొచ్చు. అసలు కష్టమంతా నీళ్లను ఆవిరిగా మార్చే బాయిలర్‌తోనే. చల్లగా ఉన్న బాయిలర్‌ను గంటల తరబడి నెమ్మదిగా వేడి చేయాలి. తొందరపడితే లోహం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ సాగి గొట్టాల అతుకులు కారతాయి. నీళ్లలోని లవణాలు లోపల పొరలా పేరుకుంటాయి కూడా. అందుకే అమెరికా నిబంధనల ప్రకారం 31 సర్వీసు రోజులకోసారైనా (అంటే మంట పెట్టి ఆవిరి పుట్టించిన రోజులు) బాయిలర్ కడగాలి. 1472 సర్వీసు రోజులు లేదా 15 ఏళ్లు, ఏది ముందొస్తే అప్పటికి, గొట్టాలన్నీ ఊడదీసి బాయిలర్ రేకు మందం కొలవాలి. ఖర్చు తడిసి మోపెడయ్యేది ఇక్కడే.

అమెరికాలో కొలరాడో, న్యూ మెక్సికోల మధ్య ఉన్న 64 మైళ్ల కంబ్రెస్ అండ్ టోల్టెక్ రైలు లైనే చూడండి. 1880లో వేసిన ఈ మూడడుగుల గేజి (పట్టాల మధ్య దూరం) మార్గాన్ని 1970లో రెండు రాష్ట్రాలూ కలిసి కొన్నాయి. అక్కడ ఇప్పటికీ 1925 నాటి బాల్డ్విన్ కంపెనీ ఇంజన్లు బండి లాగుతున్నాయి. ఇలాంటి వాటికి విడిభాగాలు బజారులో దొరకవు, చాలావరకు చేయించుకోవాల్సిందే. నా దృష్టిలో ఇంజన్‌తో సమానంగా కాపాడాల్సింది దాన్ని నడిపే, బాగుచేసే పనితనాన్ని. మంట రంగు చూసి, చప్పుడు విని లోపం పట్టడం అనుభవజ్ఞుల పక్కన నిలబడితేనే వస్తుంది. ఇక అక్కడి పాత రైలు పెట్టెల మరమ్మతులు, రంగులు చాలావరకు వేసవిలో వాలంటీర్లు వచ్చి చేస్తారు.