మొదటి హోమ్ థియేటర్‌కి ఏ రిసీవర్, ఏ స్పీకర్లు? ముందు హాల్లో ఒక చప్పట కొట్టి చూడండి

విశాఖ మధురవాడలో కొత్త ఫ్లాటు, లక్షన్నర బడ్జెట్టు, రిసీవర్ (స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే డబ్బా) 100 వాట్లదా 150 వాట్లదా, స్పీకర్లు ఏ కంపెనీవి అని అడిగారు. ఖాళీ హాల్లో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. ‘టంగ్’మని ఇత్తడి బిందె మోగినట్టు మోగిందా? అయితే ఆ లక్షన్నరలోంచి ఓ పదిహేను వేలు తీసి పక్కన దాచేయండి. మిగతాది తర్వాత.

ఆరేళ్ల కిందట నేనూ వాట్లు చూసే కొన్నాను. షాపులో డెమో ఎలా ఉంటుందో తెలిసిందేగా. కార్లు పేలతాయి, హెలికాప్టర్ నెత్తిమీద తిరుగుతుంది. ఇద్దరు మనుషులు వసారాలో కూర్చుని మెల్లగా మాట్లాడుకునే సీను ఒక్కడూ వెయ్యడు. నేను పడిపోయాను. నిలువెత్తు టవర్ స్పీకర్లు రెండు, దడదడల కోసం పెద్ద సబ్‌వూఫర్, అట్టపెట్టె మీద పెద్ద అంకె ఉన్న రిసీవర్. టీవీ కింద మధ్యలో పెట్టే సెంటర్ స్పీకర్ మాత్రం ఏదో పాత స్టాకులోది కలిపి ఇచ్చారు.

మాది ఎంవీపీ కాలనీ. 12 అడుగులకి 16 అడుగుల హాలు, నున్నటి టైల్స్, ఒక పక్క గోడంతా అద్దాల కిటికీ. మొదటి వారం పండగే. రెండో వారం నుంచి రిమోట్ చేతిలోంచి దిగలేదు. మాటలొస్తే పెంచడం, ఫైటొస్తే తగ్గించడం. పక్కన మా అమ్మ (టెక్కలి మనిషి) ప్రతి డైలాగుకీ, “ఏటంతన్నాడ్రా ఆడు?” తెలుగు సినిమాకి తెలుగు సబ్‌టైటిళ్లు వెతుక్కున్న ఇల్లు మాది.

ఆ అక్టోబర్లో వాయుగుండం పట్టి నాలుగు రోజులు వదల్లేదు. బాల్కనీలో బట్టలు ఆరవు. అమ్మ కిటికీ ఊచకీ తలుపు గొళ్లేనికీ నైలాన్ తాళ్లు కట్టి, సోఫా వెనకాలా అద్దాల పక్కనా రెండు బొంతలు, ఓ రగ్గు, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ ఆరేసింది. హాలంతా ముక్కవాసన. ఆ సాయంత్రం విసుగ్గా ఏదో పాత సినిమా పెడితే, ముసలాయన గొణుక్కున్న మాట కూడా తెలిసిపోతోంది! రోజూ 55లో పెట్టే వాల్యూమ్ 47 చాలింది. అమ్మ కూడా పట్టేసింది: “కొత్త డబ్బా ఏటైనా తెచ్చినావేట్రా?”

వాన వెలిసింది, బొంతలు మడతపెట్టింది, మళ్లీ పాత గోలే. నమ్మకం కుదరక మర్నాడు ఎండ ఫెళ్లున కాస్తుంటే ఎండిన బొంతలు తెచ్చి హాల్లో ఆరేశాను. సినిమాలో మాటలు మళ్లీ తేటగా వినిపించాయి. మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయలేను.

కిటుకేమీ లేదు. నున్నటి గోడకీ టైలుకీ తగిలి తిరిగొచ్చే శబ్దం అసలు మాట మీద పడి అలికేస్తుంది. జగదాంబ థియేటర్లో సినిమా చూసొచ్చి ఇంట్లో ఆ సౌండే కావాలంటాం, అక్కడి గోడ ఎంత మెత్తగా ఉంటుందో ఎప్పుడైనా చేత్తో తడిమామా? దాచమన్న పదిహేను వేలు దీనికే: మందపాటి కర్టెన్లు, టీవీకీ సోఫాకీ మధ్య పెద్ద తివాచీ.

స్పీకర్లలో మీ డబ్బు ముందు సెంటర్‌కి. సినిమాలో మాటలు చాలావరకు వచ్చేది దాంట్లోంచే. టీవీకి అటూ ఇటూ పెట్టే రెండు స్పీకర్ల సిరీస్‌లోదే తీసుకోండి, టీవీ యూనిట్ అరలో లోపలికి తోసేయకండి. నాది మోకాలి ఎత్తులో ఉంటే ముందువైపు రెండు చెక్కముక్కలు పెట్టి మొహం చెవుల వైపు ఎత్తాను. పైసా ఖర్చు లేదు. టవర్లు అనవసరం. బుక్‌షెల్ఫ్ స్పీకర్లు (చిన్నవి) పెట్టి, రిసీవర్లో క్రాసోవర్ (శబ్దాన్ని స్పీకర్లకీ సబ్‌వూఫర్‌కీ పంచే గీత) 80 హెర్ట్జ్ దగ్గర పెడితే, ఆ గీత కింది సంగతి సబ్‌వూఫర్ చూసుకుంటుంది. కింద ఫ్లాట్ మాస్టారి సంగతి మీరు చూసుకోవాలి. మా మాస్టారు మూడుసార్లు పైకొచ్చి, నాలుగోసారి రాకుండా సెక్రటరీని పంపారు.

ఇక రిసీవర్. అట్టపెట్టె మీది అంకె పక్కన చీమ తలకాయంత అక్షరాలుంటాయి, చదవండి. ‘ఒక ఛానెల్, 6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్’ అని ఉంటే ఆ అంకె పెళ్లిచూపుల ఫొటో లాంటిది. ‘రెండు ఛానెళ్లు, 8 ఓమ్స్, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్’ అన్న చోట రాసిందే అసలు మొహం. అదీ 80 వాట్ల నుంచి 160కి వెళ్తే పెరిగే శబ్దం 3 డెసిబెల్సే, చెవికి కొంచెమే. సెన్సిటివిటీ (అంతే కరెంటుకి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) 86 ఉన్న స్పీకర్ బదులు 89ది తెచ్చుకుంటే అంతే లాభం, వాట్లు పెంచకుండానే. ఈఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగలోంచే రిసీవర్‌కి పంపే ఏర్పాటు) ఉందా, గదిని కొలిచే మైకు ఇస్తున్నారా చూసుకుని, మీ హాలుకి ఏదో ఒక మంచి కంపెనీ చిన్న మోడల్ తీసుకోండి. పైన గాలాడే ఖాళీ వదలండి.

వైర్ల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తా. నాకు అల్యూమినియం మీద రాగిపూత ఉన్నది అంటగట్టారు. ఆనక నిజం రాగిదే వేశాను. దానికీ సముద్రపు గాలికి రెండేళ్లలో కొసలు పచ్చగా చిలుము పట్టి, ఎడమ స్పీకర్ గరగరలాడింది. బనానా ప్లగ్గులు (వైరు కొసకి తొడిగే పిన్నులు) పెట్టించుకోండి, లేదా ఏడాదికోసారి కొసలు కత్తిరించి కొత్తగా బిగించండి.

ఇన్ని చేశాక మా హాల్లో గుసగుస కూడా వినిపిస్తుంది. అమ్మ మాత్రం సీరియల్ టీవీ స్పీకర్లోనే చూస్తుంది. ఆ డబ్బా ఆన్ చేస్తే కరెంటు కాలిపోద్దట.