కొండ మీది రాణి సమాధి

ప్రశ్న: జూన్‌లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాను. అక్కడ ఒక రాజు భార్య కోసం కొండ మీద సమాధి కట్టించాడట. దాని కథేమిటి? ఒక పూట కేటాయించి చూడదగినదేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా చూడండి. అయితే తాజ్‌మహల్‌ను మనసులో పెట్టుకుని వెళ్లకండి. ఇది గుండ్రని గోపురంతో, మూడు వైపుల స్తంభాల వరుసలతో ఉన్న చిన్న కట్టడం. అప్పట్లో స్టుట్‌గార్ట్ రాజధానిగా ఉన్న వ్యూర్టెంబెర్గ్ రాజ్యానికి రాజైన మొదటి విల్హెల్మ్, తన రెండవ భార్య, రష్యా చక్రవర్తి మొదటి పావెల్ కుమార్తె అయిన కతరీనా 1819 జనవరిలో ముప్పై ఏళ్లకే కన్నుమూయగా, ఇటలీకి చెందిన వాస్తుశిల్పి సలూచ్చి చేత 1820–24 మధ్య దీనిని కట్టించాడు. ఆ కొండ మీద శిథిలమై ఉన్న కోట సామాన్యమైనది కాదు, రాజవంశానికి పేరునిచ్చిన పూర్వికుల కోట. భార్య సమాధికి చోటు కోసం ఆయన దానినే పడగొట్టించాడు.

ద్వారం పైన జర్మన్‌లో చెక్కిన మాట, మన తెలుగు బైబిలులో ‘ప్రేమ శాశ్వతకాలముండును’ అని ఉన్న వాక్యమే. అది చదివి కరిగిపోయే ముందు ఒక సంగతి తెలుసుకోండి. భర్తకు మరొక స్త్రీతో ఉన్న సంబంధం బయటపడి, చలిలో బండెక్కి వెళ్లిన రాణి జబ్బుపడి పోయిందని అక్కడ చెప్పుకుంటారు. అది ఎంత నిజమో గాని, రాజు 1820లోనే మళ్లీ పెళ్లాడాడన్నది మాత్రం చరిత్ర. అయినా 1864లో ఆయనను సమాధి చేసింది కతరీనా పక్కనే. నాకైతే అది ప్రేమచిహ్నంగా కంటే పశ్చాత్తాపంగానే కనిపిస్తుంది.

రాణిని ప్రజలు తలచుకునే కారణం వేరు. 1816లో వేసవిలోనూ చలి తగ్గక పంటలు పోయి కరువు వచ్చినప్పుడు ఆమె పేదల సహాయానికి పూనుకుంది. 1818లో పొదుపు బ్యాంకు, బాలికల పాఠశాల ఆమె చొరవతోనే మొదలయ్యాయి.

లోపల బైబిలులోని సువార్తలు రాసిన నలుగురి నిలువెత్తు విగ్రహాలను చూశాక, కింది గదిలోని పాలరాతి శవపేటికలను కూడా చూడండి. ఆమె రష్యాలో ప్రధానమైన ఆర్థడాక్స్ శాఖకు చెందిన క్రైస్తవురాలు కావడంతో ఏటా పెంతెకొస్తు సోమవారం (ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చే పండుగ మర్నాడు) నాడు ఇక్కడ ఆ సంప్రదాయంలోనే ప్రార్థన జరుగుతుంది.

ఉంటర్‌టూర్క్‌హైమ్ వరకు లోకల్ రైలులో వెళ్లి, 61వ నంబరు బస్సులో రోటెన్‌బర్గ్ ఊరిలో దిగితే, ద్రాక్షతోటల మధ్య కొంత ఎత్తు నడవాలి. చలికాలంలో లోపలికి వెళ్లనివ్వరు గాని, జూన్‌లో మీకు ఆ చిక్కు లేదు. వేళలు మాత్రం ముందే చూసుకోండి.